ఫిజికల్‌గా రావాలండి!

'ఫిజికల్లీ' అనే ఇంగ్లీషు క్రియావిశేషణానికి శరీరపరంగా అనీ, ప్రకృతి నియమాల ప్రకారం అనీ అర్థాలు చెప్పి నిఘంటువులు ఊరుకున్నాయి. హైదరాబాదులో దానికి 'మీ పని ఈవేళ కాదు' అనే అర్థం కూడా స్థిరపడిందన్న సంగతి, దిల్‌సుఖ్‌నగర్ నుంచి కూకట్‌పల్లి దాకా ఏదో ఒక కౌంటరు ముందు నిలబడిన ప్రతివారికీ తెలుసు.

ఈ మాట ఘనతను నవంబరులో, పింఛనుదారుల వరుసలో చూడాలి. కేంద్ర ప్రభుత్వం 2014లో జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ జీవన ధ్రువపత్రాన్ని ప్రారంభించి, 2021లో ముఖాన్ని గుర్తుపట్టే సదుపాయాన్ని కూడా ఫోనులోకి తెచ్చి, వృద్ధులు ఇంట్లో కూర్చునే తాము బతికున్నట్టు నిరూపించుకోవచ్చని చెప్పింది. మా పేటలోని బ్యాంకు శాఖకు ఆ వార్త ఇంకా ఫిజికల్‌గా చేరలేదు. అందుకే ఎనభై దాటిన పెద్దాయనను కొడుకూ ఆటోడ్రైవరూ చెరో రెక్కా పట్టుకుని మేడ ఎక్కించారు. 'బాబూ, నేనే వచ్చాను' అన్నారాయన. గుమాస్తా తలెత్తకుండానే 'ఆధార్ జిరాక్స్ ఏదండీ?' అన్నాడు. మనిషి ఉన్నాడు గానీ జిరాక్స్ లేదు కనుక ఆయన ఉనికి అసంపూర్ణమని తేలింది. జిరాక్స్ వచ్చాక వేలిముద్ర పడలేదు. జీవితమంతా పనిచేసి అరిగిపోయిన వేళ్లను తుడిచి, తడిపి, ఒక్కొక్కటిగా నొక్కించినా యంత్రం ఆయనను ఒప్పుకోలేదు. ఇక మేనేజరు గారే సంతకం చేయాలి. ఆయనేమో సీటులో లేరు, 'సార్ ఆన్‌లైన్ మీటింగులో ఉన్నారండి.' పింఛనుదారుడు దేహంతో హాజరు కావాలి, అధికారి ఆత్మరూపంలో ఉంటే చాలును.

అదే శాఖలో 'ఫిజికల్లీ హ్యాండికాప్డ్ వారికి ప్రాధాన్యం' అనే బోర్డు ఒకటి పద్నాలుగు మెట్ల పైన వేలాడుతోంది. ర్యాంపు లేదు, లిఫ్టు లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, నిబంధనలు వెలువడిన ఐదేళ్లలోగా పాత ప్రజాభవనాలను కూడా వారికి అనువుగా మార్చాలంది. నిబంధనలు 2017లో వచ్చాయి, గడువు 2022లోనే దాటింది. చక్రాల కుర్చీ మెట్లెక్కడం మాత్రం నిఘంటువు చెప్పిన రెండో అర్థంలో ఫిజికల్లీ ఇంపాజిబుల్‌గానే ఉంది. మనిషి చేరే దారి వేయకుండా రమ్మనడమేమిటి, రాలేదని పింఛను ఆపడమేమిటి, సిగ్గుండక్కర్లేదా? నడవలేని తల్లిని కింద ఆటోలో కూర్చోబెట్టి, ఆమె కూతురు కాగితాలు పట్టుకుని పైకీ కిందికీ తిరుగుతుంటే, ఒక్కసారి దిగివచ్చి ఆ ముఖం చూడటానికి మీకేమడ్డొచ్చింది? మీ కాళ్లు ఫిజికల్‌గా బాగానే ఉన్నాయి కదా!