‘నిధులుంటే’ ఎంపికైనట్టా?

మీరు ఎంపికయ్యారు, నిధులుంటే లేఖ ఇస్తాం. కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖ పేద పిల్లలకు చెప్పిన మాట ఇది. విదేశాల్లో పైచదువులకు ఇచ్చే జాతీయ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు 2025-26లో ఎంపికైనవారు 106 మంది. మొదట తాత్కాలిక మంజూరు లేఖలు దక్కింది 40 మందికే. మిగతా 66 మంది గతి ‘నిధుల లభ్యతను బట్టి’ అన్నారు!

వీళ్లేమీ దారిన పోతూ చెయ్యి చాచినవారు కారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటని ఎస్సీ, సంచార జాతుల, భూమిలేని కూలీల, చేతివృత్తుల ఇళ్ల పిల్లలు. ప్రపంచంలో మొదటి 500 ర్యాంకుల్లోని విశ్వవిద్యాలయంలో సీటు తెచ్చుకున్నారు. సర్కారు పెట్టిన షరతులన్నీ దాటాక, సర్కారే కొత్తగా ఇంకో షరతు పెట్టింది. అది వాళ్ల చేతిలో లేనిది. మంజూరు లేఖ లేకుంటే వీసాకు ఆర్థిక ఆధారం చూపలేరు. సెప్టెంబరు తరగతులు ఎవరికోసమూ ఆగవు. తాకట్టుకు ఇల్లూ పొలం ఉన్నవాడైతే ఈపాటికి బ్యాంకు రుణంతో విమానం ఎక్కేవాడు.

పై కమిటీ నుంచి అనుమతి రావాల్సి ఉందన్నది అధికారుల వివరణ. కావచ్చు. ఖర్చుకు పద్ధతి ఉండాల్సిందే, కాదనం. కానీ ఇది నిన్న మొన్న మొదలైన పథకమా? 1954-55 నుంచి నడుస్తున్నది. ఏడాదికి 125 సీట్లని ప్రకటించింది ప్రభుత్వమే. 106 మంది వచ్చారంటే ఆ లెక్కకు లోపలే వచ్చారు. దరఖాస్తులు పిలిచేనాడు గుర్తుకురాని అనుమతి, జాబితా ప్రకటించాక గుర్తొచ్చిందా?

ఆ 66 మందికి రేపో మాపో లేఖలు అందినా మా భయం పోదు. ‘నిధులుంటే’ అన్న మాట ఒకసారి కాగితం మీదికి ఎక్కింది. ఇక ఏ శాఖైనా, ఏ ఫెలోషిప్‌కైనా దాన్ని తగిలించవచ్చు. తగిలించరని నమ్మడానికి గతం సాయపడటం లేదు. మైనారిటీ పరిశోధకుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022 డిసెంబరులో ఎత్తేస్తూ, వేరే పథకాలతో అతివ్యాప్తి ఉందన్నారు. ఒక స్కాలర్ ఒకేసారి రెండు ఫెలోషిప్‌లు తీసుకోవడానికి నిబంధనలే ఒప్పుకోవు. ఇక అతివ్యాప్తి ఎక్కడిది? అప్పటికే అందులో ఉన్నవారికైనా నెలనెలా డబ్బు పడిందా అంటే, 2025లో నెలల తరబడి ఎదురుచూపులే. మెస్ బిల్లు మాత్రం నెలనెలా వస్తుంది. ఫెలోషిప్ ఆలస్యమైతే పరిశోధనకేం నష్టమని అడిగేది ఒకటో తారీఖున జీతం పడేవాళ్లే.

ఈ విషయం హైదరాబాద్‌కు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. 2016 జనవరిలో రోహిత్ వేముల రాసిపెట్టిన చివరి లేఖలో ఏడు నెలల ఫెలోషిప్, లక్షా 75 వేల రూపాయల బకాయి లెక్క ఉంది. చనిపోయేముందు ఒక పరిశోధకుడు బకాయి లెక్క రాయాల్సి వచ్చిన దేశంలో, తొమ్మిదేళ్ల తర్వాతా అదే నసుగుడు: నిధులుంటే.

బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తోనే అంబేడ్కర్ 1913లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. దాని గడువు తీరడంతో 1917లో లండన్ చదువు మధ్యలో వదిలి తిరిగొచ్చారు. మళ్లీ అక్కడికి వెళ్లేసరికి 1920. సామాజిక న్యాయ శాఖ ఏటా ఏప్రిల్ 14న ఆయన పటానికి దండ వేస్తుంది. ఆ దండకు ఎన్నడూ నిధుల కొరత రాలేదు, ఏ కమిటీ అనుమతీ అడ్డుపడలేదు.

నోటిఫికేషన్ ఇచ్చేనాటికే డబ్బు పక్కన పెట్టండి. అది చేతకాకుంటే 125 అని గొప్పగా అచ్చువేయడం మానేయండి. ముందు ఆ 66 లేఖలు పంపండి, ‘నిధులుంటే’ అన్న మాట కొట్టేసి.