పంపుకి ముళ్ళెందుకున్నాయి?

మా ఇంట్లో హార్లిక్స్ సీసాలో హార్లిక్స్ ఉండి 20 ఏళ్ళయింది. అందులో ఆవాలుంటాయి. "ఆ హార్లిక్స్ సీసా ఇలా అందుకో" అని అమ్మ అంటే మాకు తెలుసు కాబట్టి సరిపోయింది. కొత్తగా వచ్చిన చుట్టమైతే పాలు వెచ్చబెట్టుకుని ఎదురుచూస్తాడు.

నా ఉద్యోగం కూడా అచ్చం ఇలాంటిదే. యంత్రాలకి మాన్యువళ్ళు రాస్తాను, డిటా అనే ఎక్స్ఎంఎల్ పద్ధతిలో. అంటే పాఠంలో ఏది శీర్షికో, ఏది బొమ్మో గుర్తులు తగిలిస్తూ రాయడమన్నమాట. ఇందులో బొమ్మ పెట్టాలంటే ఫలానా ఫోల్డర్లో ఫలానా ఫైలు అని పూర్తి చిరునామా రాయక్కర్లేదు. 2010లో వచ్చిన 1.2 వెర్షన్ నుంచి 'కీ' అనే సదుపాయం ఉంది. బొమ్మకి ఓ ముద్దుపేరు పెట్టి, పాఠంలో ఆ పేరు మాత్రం రాస్తే చాలు. ఆ పేరు ఏ ఫైలుదో మ్యాప్ అనే ఇంకో ఫైలు చెబుతుంది. రేపు బొమ్మ మారితే మ్యాప్‌లో ఒక్కచోట మార్చుకుంటే సరి. సీసా అదే, ఆవాలు పోయి మెంతులొస్తాయి.

ఆ మధ్య కోయంబత్తూరు పంపుల కంపెనీ ఒకటి మాన్యువల్ పని ఇచ్చింది. రాతంతా అయిపోయింది కానీ ఫోటోలు రాలేదు. అంతదాకా ఏదో ఒక బొమ్మ పెడదామని చూస్తే, ఆ పూట అమ్మ వాట్సాప్‌లో పంపిన పెరటి పనసకాయ కనిపించింది. అందరూ వాడుకునే కామన్ మ్యాప్‌లో 'పంపు-ముందు' అని కీ రాసి దాన్ని తగిలించాను.

తగిలించగానే తిట్లు మొదలయ్యాయి. కీ పక్కన ఫార్మాట్ జేపీజీ అని రాయడం మర్చిపోయాను. రాయకపోతే ఆ సాఫ్ట్‌వేర్ దాన్ని బొమ్మ అనుకోదు, పాఠం అనుకుని చదవడానికి కూర్చుంటుంది. పనసకాయని మొదటి అక్షరం నుంచి చదవబోయి, "ప్రోలాగ్‌లో కంటెంట్ ఉండకూడదు" అని ఎర్రగా అరిచింది. పనసకాయకి ప్రోలాగేమిటో ఎవరికి తెలుసు! అరగంట తల పట్టుకున్నాక, మా టీమ్ కుర్రాడు వచ్చి "అన్నా, ఫార్మాట్ వేయలేదు" అని ఒక్క ముక్కలో తేల్చేసి టీకి వెళ్ళిపోయాడు.

తర్వాత అసలు ఫోటోలొచ్చాయి. శ్రద్ధగా ఈ మాన్యువల్‌కి మాత్రమే ఉన్న పంపు మ్యాప్‌లో అదే కీ రాసి అసలు పంపుని పెట్టాను. ఎడిటర్లో తెరిచి చూస్తే పంపు నిగనిగలాడుతోంది. పీడీఎఫ్ చేశాను, పంపేశాను, హాయిగా భోంచేశాను.

సాయంత్రం ఫోను. అవతల ఉన్నది కోయంబత్తూరులో స్థిరపడ్డ తెలుగాయన. మాట మహా నెమ్మది.

"ఏమండీ, మాన్యువల్ బాగుంది. ఒక్క సందేహం. మా పంపుకి ముళ్ళెందుకున్నాయి?"

పీడీఎఫ్ తెరిచాను. పేజీ నిండా పనసకాయ. కింద నా చేత్తో రాసిన వాక్యం: "బొమ్మలో చూపిన మూత తీసి, నీళ్ళు పైకి వచ్చేదాకా పోయండి."

జరిగిందేమిటంటే, ఒకే కీ రెండుసార్లు కనిపిస్తే డిటా మొదటిదాన్నే పట్టుకుంటుంది. రెండింటినీ కలిపి పీడీఎఫ్ చేసిన పెద్ద మ్యాప్‌లో కామన్ మ్యాప్ ముందుంది, పంపు మ్యాప్ తర్వాత. పెళ్ళిలో ముందొచ్చి కుర్చీలో తువ్వాలు వేసుకున్నవాడిలా పనసకాయ కూర్చుంది, పంపు నిలబడిపోయింది. మరి ఎడిటర్లో బాగానే కనిపించిందంటే, అక్కడ నేను రూట్ మ్యాప్‌గా, అంటే కీలన్నీ వెతికే మ్యాప్‌గా, ఒక్క పంపు మ్యాప్‌నే పెట్టుకున్నాను. ఆ ఇంట్లో పనసకాయే లేదు.

"సారీ అండీ, పది నిమిషాల్లో మారుస్తాను" అన్నాను.

"మెల్లిగా చేయండి. మా స్టోర్స్ వాళ్ళకి నచ్చింది, కిలో ఎంతని అడుగుతున్నారు."

కామన్ మ్యాప్ తెరిచి ఆ కీని పీకి పారేశాను. మళ్ళీ పీడీఎఫ్ చేసి, ఈసారి కళ్ళారా చూశాను. అయిదో పేజీలో పంపు. అక్కడే ఆపి పంపేశాను.

పావుగంటకి మళ్ళీ ఫోను.

"ముందు భాగం దొరికిందండీ, థ్యాంక్స్. ఇప్పుడొకసారి 14వ పేజీ చూడండి."

14వ పేజీ 'పంపు లోపలి భాగం'. అమ్మ ఆ రోజు పంపింది ఒక్క ఫోటో కాదు. రెండోది కాయ కోశాక తీసింది. తొనలు పచ్చగా, నూనె రాసిన కత్తి పక్కనే.