మీడియం మార్చారు, శబ్దం మరిచారు

వేసవి సెలవులు మొదలయ్యాయో లేదో, గోడల మీదా ఫోన్లలోనూ ఒకటే ప్రకటన: మూడేళ్లు నిండిన పిల్లలకు ఫోనిక్స్ క్లాసులు. హైదరాబాద్, విజయవాడలకే పరిమితమైన ఈ వ్యాపారం ఇప్పుడు చిన్న పట్టణాలకూ పాకింది. ఇంతకీ అక్కడ అమ్ముతున్నదేమిటి? అక్షరాన్ని చూసి దాని శబ్దం పలకడం, ఆ శబ్దాలను కలిపి మాటగా చదవడం. చదువుకు ఇదే మొదటి మెట్టు. బడి పెట్టిందే దీనికోసం. ఆ మొదటి మెట్టును డబ్బు పెట్టి కొనుక్కోవలసి రావడమే మా అభ్యంతరం. కొనలేనివాళ్ల పిల్లల సంగతేమిటన్నదే మా ప్రశ్న.

దీనికి జవాబు చెప్పాల్సింది ప్రభుత్వాలు. ఆంధ్రప్రదేశ్ 2019 నవంబరులో జీవో 81 తెచ్చి ప్రాథమిక తరగతుల నుంచే ఇంగ్లిష్ మీడియం అంది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. అయినా 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడులూ ఇంగ్లిష్ మీడియం బాటే పట్టాయి. పేద పిల్లలకు ఇంగ్లిష్ వద్దంటారా అని అప్పట్లో పాలకులు గద్దించి అడిగారు. ఎవరూ వద్దనలేదు. మేమూ అనలేదు. కానీ ఆ పేద పిల్లకు ఇంగ్లిష్ పుస్తకం చేతికిచ్చి, అందులోని అక్షరం ఏ శబ్దం పలుకుతుందో చెప్పే బాధ్యతను గాలికి వదిలేయడాన్ని సమానత్వం అనగలమా? ప్రభుత్వాలు మారాయి, పథకాల పేర్లూ మారాయి. ఈ కపటం మాత్రం అలాగే ఉంది.

ఒకటో తరగతి గదిలో జరిగేది చూడండి. టీచరమ్మ బోర్డు మీద మూడక్షరాలు రాసి ‘బీ, ఏ, టీ... బ్యాట్’ అంటుంది. ముప్పై గొంతులు వంత పాడతాయి. బీ, ఏ, టీ అన్న మూడు పేర్లను ఎంత గట్టిగా కలిపినా బ్యాట్ రాదు. పిల్ల దాన్ని చదవడం లేదు, బట్టీ పడుతోంది. డబ్ల్యూ అన్న పేరు మొదట్లో వినిపించేది ‘డ’, పలకాల్సింది ‘వ’. వై అన్న పేరు ‘వ’తో మొదలవుతుంది, పలకాల్సింది ‘య’. తెలుగులో ఈ చిక్కు లేదు. ‘క’ పేరూ ‘క’యే, పలుకూ ‘క’యే. అలవాటైన ఆ నమ్మకంతోనే పిల్ల ఇంగ్లిష్ అక్షరం దగ్గరికి వస్తుంది. అక్కడ పేరు వేరు, శబ్దం వేరు అని చెప్పేవాళ్లుండరు. ఉన్న అక్షరాలు 26, శబ్దాలు సుమారు 44. ఈ లెక్క తేలకుండా ఏబీసీడీలు ఎన్నిసార్లు అప్పజెప్పించినా చదవడం రాదు.

శబ్దాలు నేర్పుతున్నామనే చోట్లా ఒక పొరపాటు తరచూ కనిపిస్తుంది. మన హల్లులో ‘అ’ కలిసే ఉంటుంది. అందుకే బ, ఆ, ట అని చెప్పిస్తారు. కలిపితే బాట వస్తుంది, బ్యాట్ రాదు. పొల్లుతో బ్, ట్ అని గొంతులో అచ్చు కలవకుండా పలికించాలి. పైగా మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. కప్ మన నోట కప్పు అవుతుంది, బస్ బస్సు అవుతుంది. మాట చివర హల్లును హల్లుగానే ఆపడం తెలుగు పిల్లకు ప్రత్యేకంగా నేర్పాల్సిన విద్య. మరోవైపు మనకో సౌకర్యమూ ఉంది. ఎ, ఏ తేడా, ఒ, ఓ తేడా మన పిల్లలకు ఉగ్గుపాలతోనే వస్తుంది. కాబట్టి లండన్‌లో రాసిన పాఠాన్ని యథాతథంగా దించుకుంటే కుదరదు. తెలుగు నోటికి తగ్గ ఫోనిక్స్ పాఠం తయారు చేయాలి. ఆ పని పాఠ్యపుస్తకాలు, ఉపాధ్యాయ శిక్షణ చూసే రెండు రాష్ట్రాల విద్యా పరిశోధన, శిక్షణ మండళ్లది (ఎస్‌సీఈఆర్‌టీలది). ఉపాధ్యాయ శిక్షణలు అసలు జరగలేదని మేం అనడం లేదు. జరిగిన శిక్షణల ఫలితం ఒకటో తరగతి గదుల్లో ఎందుకు వినిపించడం లేదని అడుగుతున్నాం.

ఫోనిక్స్ ఒక్కటే సర్వస్వం కాదనీ, కథలూ అర్థమూ ముందుండాలనీ కొందరు విద్యావేత్తలు చెబుతారు. నిజమే, కథ లేని శబ్దాల డ్రిల్లు పిల్లలకు శిక్షే. కానీ మాట పలకలేని పిల్లకు కథ పుస్తకం తెరుచుకోదు.

ఇంగ్లండ్ ఏం చేసిందో చూడండి. 2006లో విద్యా నిపుణుడు జిమ్ రోజ్ ఇచ్చిన నివేదిక తర్వాత అక్కడి ప్రభుత్వ బడుల్లో క్రమపద్ధతి ఫోనిక్స్ రోజువారీ పాఠమైంది. ముందు ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్ లాంటి కొద్ది అక్షరాల శబ్దాలు నేర్పి, వాటితోనే సిట్, పిన్, ట్యాప్ లాంటి చిన్న మాటలు చదివించడం అక్కడ ఎక్కువగా కనిపించే పద్ధతి. 2012 నుంచి ఆరేళ్ల వయసులో 40 మాటలు చదివించి చూస్తున్నారు. అందులో సగం అర్థం లేని కల్పిత పదాలే, బట్టీని పట్టుకోవడానికి. ఆ పరీక్ష మీద అక్కడా విమర్శలున్నాయి, దాన్ని ఇక్కడికి తెమ్మని మేం అనం. ఇంగ్లిష్ మాతృభాష అయిన దేశమే శబ్దం నేర్పే బాధ్యతను బడి మీద పెట్టిందన్నదే ఇక్కడ ముఖ్యం. మనం ఆ బాధ్యతను తల్లిదండ్రుల జేబు మీద పెట్టాం.

ఫలితం కళ్లెదుటే ఉంది. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ పిల్లల చదువు మీద చేసే అసర్ సర్వే 2024 ప్రకారం గ్రామీణ భారతంలో ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతం. అదీ తమ భాషలో. ఇంగ్లిష్‌లో చిన్న వాక్యాలు చదవగలిగిన ఐదో తరగతి పిల్లలు 2022లో, అన్ని రకాల బడులనూ కలిపి చూసినా, నలుగురికి ఒక్కరు. 2016లోనూ దాదాపు అంతే. మూడో తరగతి ముగిసేసరికి ప్రతి పిల్లా చదవాలని 2021 జులైలో మొదలైన కేంద్ర పథకం నిపుణ్ భారత్ గడువు 2026-27. గడువు తేదీలు పిల్లలకు చదవడం నేర్పవు.

తెలుగే రాని చోట ఇంగ్లిష్ శబ్దాలు నిలవవు. గీతకూ గొంతుకూ సంబంధం ఉందన్న ఎరుక ఒక భాషలో కుదిరితే రెండో భాషలో సగం శ్రమ తగ్గుతుంది. ఆ ఎరుకకు పునాది ఇంట్లోనే వేయొచ్చు, చదువురాని తల్లి కూడా వేయొచ్చు. ‘క’తో మొదలయ్యే పేర్లు చెప్పమనండి. అమ్మమ్మ, తాతయ్య అంటూ ఒక్కో అక్షరానికి చప్పట్లు కొట్టించండి. చీమలో ‘చీ’ తీసేస్తే ఏం మిగిలిందని అడగండి. అంత్యాక్షరి ఆడండి. అన్నం తినిపిస్తూ చేసే ఈ పనికి ఫీజు లేదు, వర్క్‌బుక్కు లేదు. రెండు రాష్ట్రాల్లో కలిపి 90 వేలకు పైగా ఉన్న అంగన్‌వాడీల్లో రోజూ పావుగంట జరగాల్సిందీ ఇదే. మూడేళ్ల వేళ్లతో బలపం పట్టించి దిద్దించడం మాత్రం ఆపండి.

ప్రైవేటు బడుల సంగతి మరీ దారుణం. ఎల్‌కేజీలో చేర్చుకోవడానికి పసివాడిని కూర్చోబెట్టి అక్షరాలు చూపించి శబ్దాలు అడిగే బడులున్నాయి. చేర్చుకునేటప్పుడు పిల్లలను వడపోయకూడదని విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ చెబుతోంది. కానీ ఆ చట్టం ప్రధానంగా రక్షించేది 6 నుంచి 14 ఏళ్ల వారిని. అంతకన్నా చిన్నవాళ్లు వ్యాపారులకు దొరికిపోయారు. తాము నేర్పాల్సినదాన్నే తమ దగ్గరికి వచ్చేముందే నేర్చుకుని రమ్మనే బడి, ఫీజు దేనికి తీసుకుంటున్నట్టు? ఈరోజు శబ్దాలు కొనుక్కురమ్మన్నవాళ్లు రేపు కూడికలు, తీసివేతలూ కొనుక్కురమ్మంటారు. అడ్డుకునే అధికారం ప్రభుత్వానికుంది. అడిగే నోరే లేదు, ఎందుకంటే తన బడిలోనూ ఆ పాఠం లేదు.

ఏం చేయాలో తెలియని విషయం కాదు ఇది. ప్రాథమిక బడిలో ఒకటి, రెండు తరగతులకు విడిగా ఒక టీచరును ఇవ్వండి. ఐదు తరగతులను ఒక్కరే మోసే ఏకోపాధ్యాయ బడిలో ఏ శబ్దమూ నిలవదు. టీచర్లను తయారు చేసే జిల్లా విద్యా శిక్షణ సంస్థల్లో (డైట్‌లలో) చదవడం నేర్పే పద్ధతిని తప్పనిసరి పాఠం చేయండి. ఎల్‌కేజీ ప్రవేశాల్లో పరీక్షలు పెట్టే బడులకు నోటీసులు పంపండి. జూన్‌లో బడిగంట కొట్టేలోపు ఒకటో తరగతి టీచర్లను కూర్చోబెట్టి పొల్లు పలికించండి. అంతమాత్రం కూడా చేయలేమంటారా, అయితే బడి గోడల మీద పెద్దక్షరాలతో రాయించిన ‘ఇంగ్లిష్ మీడియం’ అన్న మాటను చెరిపేయండి. ఆ గోడ వెనక కూర్చున్న పిల్ల దాన్ని చదవలేకపోతోంది.