పటం గీయించుకుంటే హక్కులు ఎవరివి?

సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు గీసే పటాలను, అంటే కథను వరుస బొమ్మలుగా చూపే పొడవాటి గుడ్డ చిత్రాలను, ఇవాళ మనం డ్రాయింగ్ రూమ్ గోడల మీద చూస్తున్నాం గానీ, ఆ కళ బతికిందే ఆర్డర్ల మీద. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, ముదిరాజులకు కథ చెప్పే కాకిపడగలవారు, మాదిగలకు జాంబ పురాణం వినిపించే డక్కలివారు నకాషీల ఇళ్ళకు వచ్చి, తమ కథకు తగిన పటాన్ని గీయించుకుని వెళ్ళేవారు. సుమారు మూడడుగుల వెడల్పుతో, పదుల అడుగుల పొడవున సాగే ఆ పటానికి ముందు ఖాదీ గుడ్డ సిద్ధం కావాలి. గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, తిరుమణి జిగురు కలిపి పూత మీద పూత వేసి, ప్రతి పూతా ఆరేదాకా ఆగితే తప్ప ఉడుత వెంట్రుకల కుంచె దాని మీద సాఫీగా నడవదు. పాత్రల కళ్ళు మాత్రం చివరికి మిగిల్చి, గీయించుకున్నవారి సమక్షంలో పూజ చేసి దిద్దేవారు.

ఆ ఒప్పందంలో ఎవరి వాటా ఏమిటో కాగితం లేకుండానే తేటగా ఉండేది. కథ, ఘట్టాల క్రమం గీయించుకునే కథకుడివి. గీత, రంగు, ఎర్రటి నేపథ్యం మీద బొమ్మలను పేర్చే తీరు నకాషీవి. కథకుడు తీసుకెళ్ళేది ఒక్క పటాన్నే. అది చిరిగి పాతబడితే కర్మకాండ జరిపి నీళ్ళలో కలిపి, మళ్ళీ నకాషీ దగ్గరికే వచ్చేవాడు. అంటే బొమ్మ మరోసారి కావాలంటే మరోసారి కూలి ఇవ్వవలసిందే.

ఇప్పుడు ఆర్డరిచ్చేది హోటళ్ళు, కంపెనీలు, గృహప్రవేశాలు చేసుకునే కుటుంబాలు. గీయించిన ఒక్క బొమ్మను ఫోటో తీసి క్యాలెండర్ల మీద, చేతిసంచుల మీద ఎన్ని వేలైనా అచ్చు వేయవచ్చు. ఇక్కడే చట్టం చాలామంది ఊహకు భిన్నంగా ఉంది. 1957 కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, ప్రతిఫలం ఇచ్చి ఒకరు గీయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు గీయించుకున్నవారే. చిత్రకారుడికి 57వ సెక్షన్ కింద మిగిలేవి తన పేరు చెప్పుకునే హక్కు, తన ప్రతిష్ఠకు భంగం కలిగేలా బొమ్మను వికృతం చేస్తే అభ్యంతరం చెప్పే హక్కు. అచ్చులపై వచ్చే ఆదాయంలో వాటా వాటిలో లేదు.

పెళ్ళి ఫోటోల విషయంలో ఈ నియమం న్యాయంగానే తోస్తుంది, ఎందుకంటే అవి ఆ కుటుంబపు సొంత క్షణాలు. తరతరాల గీతను ఒక్క ఆర్డరుతో అప్పగించే నకాషీ విషయంలో మాత్రం ఇది అన్యాయమని నా దృఢమైన అభిప్రాయం. చేర్యాల పటాలకు భౌగోళిక గుర్తింపు ఉన్న మాట నిజమే, కానీ అది ఊరి పేరును కాపాడుతుందే తప్ప ఫలానా బొమ్మ మీద ఫలానా కళాకారుడి హక్కును కాపాడదు.

చట్టం మారేదాకా ఆగనక్కర లేదు, ఎందుకంటే ఆ సెక్షనే ఒప్పందానికి చోటిచ్చింది. కొలత, కథ, గడువు, అడ్వాన్సు రాసుకునే కాగితం మీదే ‘కాపీరైట్ చిత్రకారుడిదే, అచ్చు వేయాలంటే వేరే రుసుము’ అని ఒక్క వాక్యం చేర్చి ఇద్దరూ సంతకం చేస్తే సరిపోతుంది. బేరంలో బలం కొనేవారి వైపే ఉంటుంది కాబట్టి ఆ వాక్యాన్ని అడగవలసిన భారం కళాకారుడి మీద వేయకూడదు. జ్ఞాపికల కోసం, భవనాల గోడల కోసం పటాలు గీయించే ప్రభుత్వ శాఖలు ముందు తమ ఆర్డర్లలో దాన్ని చేర్చాలి.