ఆవిడ కుర్చీ ఖాళీ అయ్యాక

మూడు నెలల క్రితం మా ఆఫీసులో ఎం.డి.గారి పీఏ పోస్టు ఎత్తేశారు. అపాయింట్‌మెంట్లు ఫోనే చూసుకుంటుంది, మెయిళ్లకు జవాబులు కంప్యూటరే రాస్తుంది, ఇక మనిషెందుకు అన్నారు. పంతొమ్మిదేళ్లు ఆ సీటులో పనిచేసిన ఆవిడను స్టోర్స్‌లో స్టాకు ఎంట్రీలకు కూర్చోబెట్టారు. చూసి ఊరుకోవడం నా వల్ల కావడం లేదు.

నేను అకౌంట్స్‌లో పనిచేస్తాను. సంతకాలకు ఫైలు పట్టుకుని వెళితే ఆవిడ నిలబడే కాగితాలు తిరగేసి, "ఈ బిల్లుకు రసీదు జతచేయలేదు, సార్ మొదట అడిగేది అదే" అని వెనక్కి ఇచ్చేవారు. నా పొరపాటు మూడో మనిషికి తెలిసేది కాదు.

ఒకరోజు లోపల బ్యాంకు వాళ్లతో మీటింగు జరుగుతోంది. గుండెపోటుతో పోయిన మా డ్రైవరు భార్య చంటిబిడ్డతో వచ్చి బయట నిలబడింది. అపాయింట్‌మెంట్ లేదు. ఆవిడ నాలుగు ముక్కలు చీటీ మీద రాసి, టీ ట్రేలో కప్పు పక్కన పెట్టి పంపారు. పది నిమిషాల్లో ఎం.డి.గారే లేచి బయటికి వచ్చారు. ఫోనులో చూస్తే ఆ గంట ఖాళీ లేదనే ఉంటుంది.

ఆవిడ మా పక్క ఊరి ఇన్‌స్టిట్యూట్‌లో టైపు, షార్ట్‌హ్యాండు నేర్చుకుని ఈ ఉద్యోగానికి వచ్చారు. చేతి వేగానికి పరీక్షలున్నాయి. కేంద్ర ప్రభుత్వ స్టెనోగ్రాఫర్ గ్రేడ్ 'సి' కావాలంటే నిమిషానికి 100 మాటల చొప్పున పది నిమిషాల డిక్టేషన్ తీసుకోవాలి. ఎవరిని ఎప్పుడు లోపలికి పంపాలో తెలియడానికి, విన్న మాట బయటికి పొక్కనివ్వకపోవడానికి మాత్రం ఏ పరీక్షా లేదు, జీతంలో వాటికి విలువా లేదు.

మహదేవ్ దేశాయ్ 1917లో గాంధీజీ దగ్గర చేరి, 1942 ఆగస్టు 15న ఆగాఖాన్ ప్యాలెస్ నిర్బంధంలో కన్నుమూసేదాకా ఆయన కార్యదర్శిగానే ఉన్నారు. గాంధీజీ ఆత్మకథలో చాలా భాగాన్ని ఇంగ్లీషులోకి తెచ్చింది ఆయనే. ఆయన డైరీలు లేకపోతే గాంధీజీ రోజువారీ జీవితం గురించి మనకు ఇంత తెలిసేదా?

పేషీ గుమ్మంలో కూర్చుని పెత్తనం చేసే పీఏలు, ఫైలు కదలాలంటే చేయి చాచేవాళ్లు లేరని అనను. ఆ కుర్చీకి ఎంత బలముందో వాళ్లను చూసినా తెలుస్తుంది. అందుకే అందులో మంచి మనిషి ఉండాలంటున్నాను.

పోయిన నెల మా పాత డీలరుకు బాకీ గుర్తుచేస్తూ ఎం.డి.గారి పేరుతో మెయిల్ వెళ్లింది. అంతకు రెండు రోజుల ముందే ఆ డీలరు తండ్రి పోయారు. ఆ కబురు వచ్చిన మెయిల్ ఎవరూ తెరవలేదు. ఆవిడ ఉంటే పెద్దకర్మ అయ్యేదాకా ఆ ఉత్తరం కదిలేది కాదు. ఆ డీలరు ఇప్పుడు మా ఫోను ఎత్తడం లేదు.

ఆవిడను మళ్లీ ఆ సీటులోకి తీసుకురండి, ఆఫీసర్ గ్రేడు ఇవ్వండి అని యాజమాన్యానికి నా పేరు పెట్టి రాసిచ్చాను. జవాబు రాలేదు. సోమవారం మళ్లీ రాస్తాను.