బోరుకి మూత ఎవరు పెట్టాలి?

2017 జూన్‌లో చేవెళ్ల దగ్గర ఏడాదిన్నర పాప బోరుబావిలో పడిపోయినప్పుడు రెండు రాష్ట్రాల జనం రెండు రోజులకి పైగా టీవీల ముందు నుంచి లేవలేదు, చివరికి పాప దక్కలేదు. ఇలాంటివి జరిగిన ప్రతిసారీ తల్లిదండ్రులు ఏం చేస్తున్నారు అనేవాళ్ళు ఉంటారు. కోర్టు మాత్రం అలా అడగలేదు. సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది, బోరు వేసే ముందు అధికారులకి చెప్పాలి, చుట్టూ కంచె కట్టాలి, నీళ్ళు పడకపోతే పూడ్చెయ్యాలి, ఇది స్థలం ఓనర్ పని, రిగ్గు వాళ్ళ పని, చూసుకోవాల్సింది కలెక్టర్ అని. పసిపిల్ల నడక మీద ఎవరూ రూల్ పెట్టలేదు, గొయ్యి తవ్వినవాడి మీద పెట్టారు.

పిల్లల చేతిలో ఫోన్ దగ్గరికి వచ్చేసరికి మనం అంతా ఉల్టా మాట్లాడుతున్నాం. ఏ మీటింగ్‌లో చూసినా తల్లిదండ్రులు జాగ్రత్తగా ఉండాలి, పిల్లల్ని గమనించాలి అన్నదే మొదటి మాట, చాలాసార్లు ఆఖరి మాట కూడా అదే. మేము దీన్ని ఒప్పుకోం. ఆన్‌లైన్‌లో పిల్లల్ని కాపాడే మొదటి బాధ్యత యాప్ తయారుచేసి సంపాదించే కంపెనీది, తర్వాత ప్రభుత్వానిది. తల్లిదండ్రుల పని కూడా పెద్దదే, కానీ అది వేరే పని.

మా ఆఫీసులో హౌస్ కీపింగ్ చేసే ఒకావిడ ఉంది, కొడుకు ఎనిమిదో తరగతి. మొన్న ఫోన్ తెచ్చి ఇందులో ఏవేవో వస్తున్నాయి చూడండి సార్ అంది. తీరా చూస్తే ఆ ఫోన్‌లో జీమెయిల్ పెట్టింది కొడుకే, పాస్‌వర్డ్ వాడికే తెలుసు, ఇన్‌స్టా అకౌంట్‌కి పుట్టిన సంవత్సరం దగ్గర వేలితో ఒక్క తోపు తోసి 1990ల్లో ఎక్కడో ఆపాడు, యాప్ ఇంకో మాట అడగకుండా రానిచ్చేసింది. ఓటీపీ వస్తే ఏదో నంబర్ వచ్చింది రా అని ఆవిడే కొడుకుని పిలిచి చూపిస్తుంది. పొద్దున ఆరింటికి ఇల్లు వదిలి రాత్రి ఎనిమిదింటికి చేరే మనిషి ఆవిడ. నువ్వే కాపలా కాయి అని ఆవిడకి చెప్పడం న్యాయం కాదు.

మన కొత్త డేటా రక్షణ చట్టం కూడా చాలావరకు ఆవిడ మీదే ఆధారపడింది. 2023లో చట్టం వచ్చింది, 2025 నవంబర్‌లో రూల్స్ వచ్చాయి, 18 ఏళ్ళ లోపు పిల్లల డేటా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, ఆ అనుమతి నిజమో కాదో కంపెనీ సరిచూసుకోవాలి. ఇది అమల్లోకి వచ్చేది 2027 మేలో. ఇందులో మంచి లేకపోలేదు, పిల్లల్ని వెంబడించి యాడ్స్ చూపించకూడదని ఉంది, తప్పితే 200 కోట్ల దాకా పెనాల్టీ ఉంది. కానీ అనుమతి దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ ఆ ఫోన్, ఆ ఓటీపీ, ఆ కొడుకే. ఆవిడే స్వయంగా ఓకే నొక్కినా లోపల ఏం కనిపించాలి, రాత్రి ఏ తెలియనివాడు మెసేజ్ పెట్టొచ్చు అన్నది ఆవిడ చేతిలో ఉండదు కదా.

కంపెనీల చేతిలో ఉంటుంది. ఏ వీడియో దగ్గర వేలు ఎంతసేపు ఆగిందో వాళ్ళకి తెలుసు, ఒకటి అయిపోగానే ఇంకోటి దానంతట అదే మొదలయ్యేలా చేసింది వాళ్ళే. ఇన్‌స్టాగ్రామ్ 2024 సెప్టెంబర్‌లో టీనేజ్ పిల్లల అకౌంట్లన్నిటినీ వాటంతట అవే ప్రైవేట్ అయ్యేలా, తెలియనివాళ్ళు మెసేజ్ పెట్టలేనట్టు మార్చడం మొదలుపెట్టింది. అంటే చెయ్యగలరు. 2010లో మొదలైన యాప్‌కి ఆ పని టీనేజ్ పిల్లలందరికీ చెయ్యడానికి 14 ఏళ్ళు ఎందుకు పట్టిందన్నదే మా కోపం. ఈలోపు ఎంతమంది పిల్లలు ఏమేం చూశారో. లండన్‌లో 2017లో ప్రాణం తీసుకున్న 14 ఏళ్ళ అమ్మాయి కేసులో, ఆమె చావుకి ఆన్‌లైన్‌లో చూసినవి కూడా ఒక కారణమని అక్కడి కరోనర్ (అసహజ మరణాల మీద విచారణ చేసే అధికారి) 2022లో తేల్చి చెప్పాడు.

ఆస్ట్రేలియాలో 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్ళ లోపు పిల్లలకి సోషల్ మీడియా అకౌంట్లు లేవు. అలాంటి బ్యాన్ మనకి పనికొస్తుందా అన్నది మాకు అనుమానమే, ఇంటికి ఒక్క ఫోన్ ఉన్నచోట అకౌంట్ ఎవరిదో ఎలా తేలుస్తారు. కానీ ఆ చట్టంలో ఒకటి నచ్చింది, పిల్లలకీ తల్లిదండ్రులకీ ఏ శిక్షా లేదు, కంపెనీకి మాత్రం దాదాపు 5 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల దాకా ఫైన్.

ప్రభుత్వాలు కూడా మాకేం సంబంధం అనడానికి లేదు. 2020లో కోవిడ్ అప్పుడు ఆన్‌లైన్ క్లాసులని పిల్లల చేతికి ఫోన్ ఇప్పించారు, ఏపీలో 2022 డిసెంబర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకి ప్రభుత్వమే ట్యాబులు పంచింది. పోలీసులు కదిలితే పనవుతుంది, 2024 జూలైలో ఒక తండ్రీకూతుళ్ళ వీడియో మీద యూట్యూబర్ల గుంపు నీచంగా మాట్లాడితే సాయి ధరమ్ తేజ్ పోస్ట్ పెట్టాక రోజుల్లోనే తెలంగాణ సైబర్ పోలీసులు వాళ్ళలో ముఖ్యమైనవాణ్ణి అరెస్ట్ చేశారు. హీరో చెప్తే కదిలినట్టే కూలి చేసుకునే తండ్రి స్టేషన్‌కి వచ్చి చెప్పినా కదలాలి.

ఇక తల్లిదండ్రులు. ఫొటో మార్ఫ్ చేసి బెదిరించేవాడి బలం ఏంటంటే, పిల్ల ఇంట్లో చెప్పదు అన్న నమ్మకం. చెప్తే కొడతారు, ఫోన్ లాక్కుంటారు, స్కూల్ మాన్పిస్తారు అని పిల్ల లోపల్లోపలే నలిగిపోతుంది, వాడు అడిగిందల్లా ఇస్తూ పోతుంది. అమ్మా ఇలా జరిగింది అని వస్తే ముందు పక్కన కూర్చోబెట్టుకోండి, తిట్టకండి, ఆ మెసేజ్‌లు డిలీట్ చెయ్యకండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి గానీ ఫోన్ చెయ్యండి. ఇది చదువు లేని తల్లి కూడా చెయ్యగల పని, ఏ కంపెనీ చెయ్యలేని పని.

గూగుల్‌కీ, ఇన్‌స్టా నడిపే మెటాకీ హైదరాబాద్‌లోనే ఆఫీసులున్నాయి, వేలమంది తెలుగువాళ్ళు ఈ కంపెనీల్లో పనిచేస్తున్నారు. 2021 ఐటీ రూల్స్ ప్రకారం ఫిర్యాదులు తీసుకునే అధికారి ఇండియాలోనే ఉండాలి. మేము అడిగేది 2027 మే దాకా ఆగాల్సిన పని కూడా కాదు. మా ఆఫీసులో ఆవిడకి ఇంగ్లీష్ ఫారం నింపడం రాదు, తెలుగు టైప్ చెయ్యడమూ రాదు, మాట్లాడటం వచ్చు. పిల్లల విషయంలో ఏ అర్ధరాత్రి ఫోన్ చేసినా అవతల కంపెనీ తరఫున తెలుగులో వినే మనిషి ఒకరుండాలి, ఆ రాత్రే ఆ మార్ఫ్ ఫొటో తీసెయ్యాలి.