ఇంటిపేరు మొజిల్లావారు

బ్రౌజర్లలో వెబ్ ప్రమాణాలను, అంటే పేజీలు అన్నిచోట్లా ఒకేలా నడవడానికి రాసుకున్న ఉమ్మడి నియమాలను, నిష్ఠగా పాటించేది ఏదో తేల్చిచెప్పమని నన్నెవరూ అడగలేదు. అయినా పండితుల మధ్య ఈ తగవు ఎంతకీ తెగడం లేదు కనుక, లోకహితార్థం ఆ భారాన్ని నేనే తలకెత్తుకున్నాను. 2022 నుంచి యాపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా తదితరులు కలిసి ‘ఇంటరాప్’ పేరిట ఏటా తమ బ్రౌజర్లకు పరీక్షలు నడుపుతున్నారు. అంటే ప్రశ్నపత్రం తయారుచేసేదీ, పరీక్ష రాసే పిల్లల తల్లిదండ్రులూ ఒక్కరేనన్నమాట. అంత ఓపిక నాకు లేదు. మన పెద్దలు పిల్లనిచ్చే ముందు అడిగే ప్రశ్ననే నేనూ అడిగాను: నాయనా, మీరెవరివారు?

బ్రౌజర్ ఏ వెబ్‌సైటు గడప తొక్కినా ముందుగా తన ప్రవర చెప్పుకుంటుంది. సాంకేతికులు దాన్ని యూజర్ ఏజెంట్ అంటారు. విండోస్ మీద మైక్రోసాఫ్ట్‌వారి ఎడ్జ్ చెప్పుకునే ప్రవర ఇలా సాగుతుంది: ‘మొజిల్లా/5.0, విండోస్ ఎన్‌టీ 10.0, యాపిల్‌వెబ్‌కిట్/537.36, కేహెచ్‌టీఎంఎల్, లైక్ గెకో, క్రోమ్, సఫారీ/537.36, ఎడ్జ్.’ చివర ‘అభివాదయే’ అనడం ఒక్కటే తక్కువ. ఇందులో మొజిల్లా ఫైర్‌ఫాక్స్ తయారుచేసే పరాయివాళ్ల ఇంటిపేరు. గెకో ఫైర్‌ఫాక్స్‌వారి ఇంజిన్, అంటే పేజీని తెర మీద గీసే యంత్రాంగం. సఫారీని నడిపే వెబ్‌కిట్ ఇంజిన్ నుంచి, ఎడ్జ్‌కు ఇంజిన్ అరువిచ్చిన గూగుల్ 2013లోనే వేరుకాపురం పెట్టినా, ఆనాటి 537.36 అనే అంకె తాతగారి ఫొటోలా గోడకు వేలాడుతూనే ఉంది. కంప్యూటర్లో విండోస్ 11 ఉన్నా పదేనని బుకాయింపు. అసలు పేరు చిట్టచివర వస్తుంది, అది కూడా ఇంగ్లీషు స్పెల్లింగులో ఆఖరి అక్షరం తెగ్గోసుకుని. అలా కోయకపోతే వేరే ఇంజిన్‌తో నడిచిన పాత ఎడ్జ్ అనుకుని కొన్ని సైట్లు పాత మర్యాదే చేస్తాయని భయం.

ఈ వంశవృక్షానికి మూలపురుషుడు నెట్‌స్కేప్ అనే తొలితరం బ్రౌజర్. 1990ల మధ్యలో ఒకే పేజీని గదులుగా విడగొట్టే ఫ్రేములు అనే వింత మొదట దానికే వచ్చింది. మొజిల్లా అన్నది దాని సంకేతనామం. దాంతో సర్వర్లు ‘మొజిల్లా’ అన్నవాడికి విందు భోజనం, అననివాడికి చద్దన్నం పెట్టసాగాయి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కూడా ఆ విందు తినగలదు, కానీ పేరు అడ్డొచ్చింది. వెంటనే తానూ మొజిల్లానేనని చెప్పుకుని పంక్తిలో కూర్చుంది. తరవాత కాంకరర్ బ్రౌజర్ ఇంజిన్ అయిన కేహెచ్‌టీఎంఎల్ ‘గెకోలాంటి వాణ్ని’ అంది, సఫారీ కేహెచ్‌టీఎంఎల్‌లాంటి వాణ్నంది, 2008లో పుట్టిన క్రోమ్ సఫారీ పేరు చెప్పింది, ఎడ్జ్ అందరి పేర్లూ చెప్పింది. ఇంటిపేరు కస్తూరివారన్న సామెతను మనం మనుషులకే పరిమితం చేసి పొరపాటు చేశాం.

ఫైర్‌ఫాక్స్ కాస్త నయం. మొజిల్లా అన్న ఇంటిపేరు నిజంగానే దానిది. అయితే కంప్యూటర్ల మీద గెకో పక్కన అది రాసుకునే తేదీ 2010 జనవరి 1. ఎన్ని వెర్షన్లు మారినా తేదీ మారలేదు. బడిలో చేర్చుకునేటప్పుడు మాస్టారు తోచిన పుట్టినరోజు వేసిన తరంవాడిని కనుక ఈ ఒక్క విషయంలో దాన్ని తప్పుపట్టలేను.

ప్రమాణాల మాట కొస్తే, బ్రౌజరూ సైటూ మాట్లాడుకునే హెచ్‌టీటీపీ పద్ధతికి అర్థవివరణ చెప్పే ఆర్‌ఎఫ్‌సీ 9110 అనే 2022 నాటి పత్రం ఇతరుల పేర్లు చెప్పుకోవద్దనీ, అలా చేస్తే ఈ ప్రవరకు ప్రయోజనమే ఉండదనీ హితవు పలికింది. ఫైర్‌ఫాక్స్‌ను మినహాయిస్తే, ఆ హితవు మీద కాలు పెట్టకుండా మన బ్రౌజర్లలో ఏదీ ఏ గడపా దాటడం లేదు.

తప్పు వాటిదేనా అంటే, మొన్న నేను ఫైర్‌ఫాక్స్‌లో ఒక దరఖాస్తు నింపబోతే, ఆ సైటు ‘మీ బ్రౌజర్ పనికిరాదు, క్రోమ్ వాడండి’ అని తలుపు వేసేసింది. ప్రవర మార్చుకునే సాధనంతో నేను క్రోమ్‌నని అబద్ధమాడాను. అదే బ్రౌజర్, అదే ఇంజిన్, ఒక్క గీత కూడా పక్కకు జరగకుండా దరఖాస్తు పూర్తయింది, రసీదు కూడా వచ్చింది. ఫైర్‌ఫాక్స్ అడ్రసు పట్టీలో ‘అబౌట్:కంపాట్’ అని కొట్టి చూడండి, ఏయే సైట్ల దగ్గర తాను మారుపేరుతో తిరుగుతోందో బుద్ధిగా జాబితా రాసిపెట్టుకుంటుంది. దొంగలెక్కల్లో కూడా ఇంత నిజాయితీ నేను చూడలేదు.

ఇక తుది పరీక్ష. వెబ్ పేజీల భాష అయిన హెచ్‌టీఎంఎల్ ప్రమాణంలోనే ఒక నియమం ఉంది: పేజీలోని జావాస్క్రిప్ట్ ప్రోగ్రాము ‘నావిగేటర్ యాప్‌నేమ్’, అంటే నీ పేరేమిటి, అని అడిగితే ఏ బ్రౌజరైనా ‘నెట్‌స్కేప్’ అనే జవాబివ్వాలి. అబద్ధమాడకపోతే ప్రమాణభంగమన్నమాట. క్రోమ్, సఫారీ, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ నాలుగింటినీ వరసగా అడిగాను. నాలుగూ తడుముకోకుండా నెట్‌స్కేప్ అన్నాయి, నూటికి నూరు మార్కులు వేశాను. 2008లో కాలం చేసిన ఆ పెద్దాయనకు ఇంతమంది వారసులు రోజూ తర్పణాలు వదులుతున్నారు. ఆస్తి మాత్రం క్రోమ్ ఒక్కటే అనుభవిస్తోంది.